పడుకున్న రాయి

జులై 8, 2006, శనివారం

రాజమాణిక్కం వచ్చి పోయాడు. వీధిలోంచే అరిచాడు, నలుగురూ వినాలని.

"ఏమప్పా మ్యాపు వాద్యారే, ఇంకా ఉన్నావా?"

తమిళంలోనే. ముప్పై ఏళ్ళు ఒకే బడిలో, నేను జాగ్రఫీ, అతను హిస్టరీ, చాలాకాలం పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. నా భాషలో ఒక్క ముక్క నేర్చుకోవాలని అతనికి ఏనాడూ తోచలేదు.

చేతిలో ఆహ్వాన పత్రిక. భూటాన్ దేశపు ఫోటోల ప్రదర్శన. పోయిన అక్టోబరులో సేలం నుంచి ముసలివాళ్ళను తిప్పే యాత్రా బృందం ఒకటి బయలుదేరితే, కొడుకు కొనిచ్చిన కెమెరా మెడలో వేసుకుని దాంతో వెళ్ళొచ్చాడు. వచ్చే శనివారం నుంచి బస్టాండు వెనక కల్యాణ మండపంలో, భోజనాల హాలులో పెడతాడట. తమిళుల ఆడి నెల వస్తోంది, పెళ్ళిళ్ళు ఉండవు, హాలు ఊరికే పడి ఉంటుంది. చివరి రోజు సభలో నేను మాట్లాడాలట.

"నీకంటే జాగ్రఫీ తెలిసినవాడు ఈ జిల్లాలో ఎవడున్నాడు?" అన్నాడు.

ఈ మాట 1984లో అని ఉంటే బాగుండేది. హెడ్మాస్టరు కుర్చీ ఖాళీ అయిన ఏడు. సీనియారిటీ నాది, కుర్చీ అతనిది. వాళ్ళ మామ ఎవరింటికి ఎన్ని బుట్టల మామిడిపళ్ళు పంపాడో తెలియనివాడు అప్పుడు పాలక్కోడు తాలూకాలో లేడు. బ్రహ్మపుత్ర బర్మాలో పుట్టిందని తొమ్మిదో తరగతికి చెప్పిన హిస్టరీ మాస్టరు. హిమాలయాలను నేను సర్వీసంతా సుద్దముక్కతో గీశాను. అతను వెళ్ళి చూసొచ్చాడు.

మాట్లాడతానని ఒప్పుకున్నాను. ఫోటోల కింద అతను ఏం రాసి ఉంటాడో ఊహించగలను. తప్పులన్నీ మైకులో చదువుతాను. నిదానంగా.

జులై 10

అక్కమ్మ ఒప్పుకుంది.

ఇంత కాలానికి తెగింది కాబట్టి మొదటినుంచీ ఒకసారి రాసి పారేస్తాను. తెలుగులో రాసే సౌకర్యం ఇదే. ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగు, చదవగలిగేది నేనొక్కణ్ణే. చిన్నప్పుడు కుప్పంలో మేనమామ ఇంట్లో ఉండి నేర్చుకున్నది. మనవరాలు మోహనప్రియ ఈ గుండ్రటి అక్షరాలు చూసి, "తాత మళ్ళీ జాంగిరీలు పిండుతున్నాడు" అంటుంది. అననీ.

అక్కమ్మ నా తమ్ముడు తిమ్మప్ప భార్య. పెళ్ళయిన ఏడాదికి, 1963లో, వానలు ఎగ్గొట్టిన ఏడు, తిమ్మప్ప కొండల్లో రోడ్లు వేసే కూలీల గుంపుతో వెళ్ళాడు. భూటాన్ అంచున ఫుంట్‌షోలింగ్ అనే ఊరి నుంచి రెండు కార్డులు వచ్చాయి. తర్వాత ఏమీ రాలేదు. గుంపులో తిరిగొచ్చిన కంబైనల్లూరు మనిషి ఒకడు, కొండ విరిగిపడి గుడారాలు నదిలోకి పోయాయని చెప్పాడు. మా అమ్మ గుండెలు బాదుకుంది. అక్కమ్మ అతనికి మజ్జిగ ఇచ్చి అడిగింది: "నువ్వు చూసినావా అన్నా?" చూడలేదన్నాడు. అంతే. తాళి తియ్యలేదు, కర్మం చెయ్యనివ్వలేదు.

ఆ తర్వాత నేనూ ఎన్నోసార్లు చెప్పాను. మ్యాపు పరిచి చెప్పాను. ఆ కొండల వాలు, ఆ వానలు, ఆ నదుల వేగం. అంతా విని, "మీరు చూసినారా బావా?" అనేది. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి ఆ ఒక్క మాటతో నిలబెట్టేది. నా భార్య మునివెంకటమ్మ పోయేదాకా ఈ సంగతి మీద ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ తోడికోడలి కోపానికి కారణం వేరే ఉంది: రాళ్ళు.

మారండహళ్ళి పొలంలో మా ఇంటిదేవతలు ఏడు రాళ్ళు. చుట్టుపక్కల అందరికీ ఏడుగురు కన్యలు ఉన్నారు, అందరివీ నిలబడే ఉంటాయి. మా వంశంలో మాత్రం ఆరు నిలబడితే ఏడోది పడుకుని ఉంటుంది. ఉత్తరాన్నుంచి నడిచి వస్తూ ఏడో చెల్లెలు అలిసిపోయి, మీరు పొండి నేను వస్తానని పడుకుందట. అందుకని దాని తలకింద చిన్న రాయి, తలగడ. ప్రతి ఏడూ ఆడి పద్దెనిమిదిన మగవాళ్ళు ఏడింటికీ సున్నం పూస్తారు. బొట్లు పెట్టేది ఆ ఇంటి కోడలే, తాళి ఉన్న కోడలే. అదీ నిలబడిన ఆరింటికే. పడుకున్నదానికి పెడితే లేస్తుందని పెట్టరు. మునివెంకటమ్మ ఉన్నన్నాళ్ళూ, ఆమె మూడు, అక్కమ్మ మూడు. మొగుడు లేనిది బొట్లు పెట్టడమేమిటని మునివెంకటమ్మ. మొగుడు లేడని ఎవరన్నారని అక్కమ్మ.

ఇప్పుడు మోహనప్రియకు సంబంధం కుదిరింది. ఆడి పోయాక వచ్చే ఆవణి నెలలో పెళ్ళి. మగపెళ్ళివారి పెద్ద ఒకాయన కాఫీ తాగుతూ, కర్మం జరగని మనిషి ఇంట్లో ఉంటే శుభం చెయ్యకూడదని మెల్లగా అన్నాడు. నాకు వాటిలో నమ్మకం లేదు. కానీ ఒక వాస్తవాన్ని ఇన్నేళ్ళు వాకిట్లో నిలబెట్టి ఉంచడం నాకు నచ్చదు. నేనే అడిగాను అక్కమ్మను. ఈసారి నన్ను ప్రశ్న వెయ్యలేదు.

"పాప పెండ్లికి నేను అడ్డమైతే చేసుకోండి బావా" అంది.

ఇరవై ఐదో తేదీ ఆడి అమావాస్య. హొగెనకల్‌లో, కావేరి గట్టున. దర్భలతో బొమ్మ చేసి కాలుస్తారు. ఆమె తాళి అక్కడే తీస్తారు. ఈ ఆడి పద్దెనిమిదికి బొట్లు మా కోడలు, కొడుకు యువరాజ్ భార్య, సుగన్య పెడుతుంది.

నేను అన్నదే నిజమైంది. సంతోషం రావాలి. నిద్ర వస్తోంది.

జులై 12

కడుపులో మంట. చదవడానికి ఏమీ లేదు, ఉన్నవన్నీ చదివినవే.

జులై 15, శనివారం

ప్రదర్శన మొదలైంది. హాలులో ఇంకా సాంబారు వాసన. బల్లలు గోడకు నిలబెట్టి వాటిమీద ఫోటోలు తగిలించారు. రాజమాణిక్కం పట్టు చొక్కా వేసుకుని అల్లుడిలా తిరుగుతున్నాడు.

నేను అనుకున్న దానికంటే ఘోరం. చోమొల్హరి శిఖరం కింద "ఎవరెస్టు, దూరపు దృశ్యం" అని ఉంది. టాకిన్ అనే జంతువు కింద "జడల బర్రె". పారో నది కింద బ్రహ్మపుత్ర. అది ఒక్కటే అతనికి జీవితాంతం తెలిసిన నది. కాగితం తీసి రాసుకుంటూ పోయాను. చాలా కాలానికి ఒంట్లోకి కాస్త వేడి వచ్చింది.

ఫోటోలు మాత్రం బాగున్నాయి. ఇక్కడ రాసుకోవచ్చు, ఎవరూ చదవరు. బాగున్నాయి. మబ్బు కిందికి దిగి రోడ్డు మీద కూర్చున్నట్టున్న ఒక ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాను. సుద్దముక్కకు ఆ తెలుపు లేదు.

వంట గది తలుపు పక్కన, ఎవరూ చూడని మూల, ఒక చిన్న ఫోటో. రోడ్డు మలుపు, వెనక లోయ, గాలికి ఎగిరే జెండాల గుడ్డలు. ముందు ఒక గట్టు మీద రాళ్ళు. సున్నం పూసినవి. కింద: "కొండ మీది ఆదిమ జాతుల రాతి పూజ".

ఆరు నిలబడి ఉన్నాయి. ఒకటి పడుకుని ఉంది.

తలకింద చిన్న రాయి.

ఎర్ర బొట్లు, ఏడింటికీ.

బయటికి వచ్చి కాఫీ తాగాను. చక్కెర ఎక్కువ వేశాడు.

జులై 16

ఏడు రాళ్ళ పూజ దేశమంతా ఉంది. ఎక్కడో ఒకచోట ఒక రాయి పడిపోతుంది. గొర్రె తగిలినా పడుతుంది. పడిన రాయి కింద ఇంకో రాయి ఉండడం వింతేమీ కాదు, కొండమీద రాళ్ళు కాక ఏముంటాయి? అదీ కాక, 1963లో పెట్టి ఉంటే మాత్రం? పెట్టినవాడు ఆ ఏడే పోయి ఉండొచ్చు. రాళ్ళు మనిషి కంటే ఎక్కువ కాలం ఉంటాయి.

సున్నం తెల్లగా ఉంది. కొండల్లో ఒక్క వానాకాలం గడిస్తే సున్నం నిలవదు.

బొట్ల గురించి ఆలోచించదలచుకోలేదు.

సుగన్య పొద్దున టిఫినుకు పిలిచింది. "ఏమి మామా, ఒంట్లో బాగలేదా? రెండు ఇడ్లీలు కూడా దిగల్యా?" అంది. బాగానే ఉందన్నాను. అక్కమ్మ గడప దగ్గర చింతపండు గింజలు తీస్తూ నావైపు చూసింది.

జులై 17

ఆడి పుట్టింది. రాళ్ళు ఎవరైనా పెట్టొచ్చు.

జులై 18

మళ్ళీ వెళ్ళాను. హాలులో ఎవరూ లేరు. రాజమాణిక్కం ఒక్కడే ఫ్యాను కింద కుర్చీలో కునికిపాట్లు పడుతున్నాడు. ఊళ్ళో ఎవరికీ భూటాన్ అక్కరలేదు. మొదటి రోజు చూసింది పట్టు చొక్కానే. ఆ చొక్కా లోపల ఇప్పుడు ఒక ముసలివాడు ఉన్నాడు, భార్య పోయినవాడు, పెద్ద ఇంట్లో ఒంటరివాడు. జాలి పడడం నా ఉద్దేశం కాదు, రాస్తున్నాను అంతే.

"ఆ రాళ్ళ ఫోటో ఎక్కడిది?" అని అడిగాను.

"ఏది? ఓ, అదా. దారిలో. ఫుంట్‌షోలింగ్ నుంచి పైకి పోతుంటే వ్యాను టైరు పోయింది. అక్కడ ఒక టీ అంగడి. కూర్చున్నాం. ఊరికే తీశాను."

"అంగడి ఎవరిది?"

"ఒక ముసలమ్మది. కొండమనిషే, చప్పిడి ముక్కు, నవ్వు ముఖం. ఉప్పు వేసిన టీ ఇచ్చింది, తూ. వాళ్ళాయన మాత్రం మన పక్క మనిషే అప్పా, ఆశ్చర్యం. నల్లగా, పొడుగ్గా. మేం తమిళం మాట్లాడుకుంటుంటే పొయ్యి దగ్గర నిలబడి వింటున్నాడు. చివరికి దగ్గరికొచ్చి ఏ ఊరని అడిగాడు. తమిళంలోనే, కొంచెం తడుముకుంటూ. ధర్మపురి అన్నాను."

"అంటే?"

"అంటే ఏముంది? పాలు పొంగుతున్నాయని లోపలికి పోయాడు. టైరు వేసి వ్యాను కదిలేదాకా మళ్ళీ బయటికి రాలేదు. ఆ ముసలమ్మే డబ్బులు తీసుకుంది. పాలు పొయ్యిమీద లేనే లేవు, నేను చూశాను." కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఎందుకడుగుతున్నావు?"

"ఊరికే. కింద రాసింది తప్పు."

"ఏం తప్పు?"

ఆ అంగడి మనిషి ఫోటో ఏదైనా తీశావా అని అడిగాను. లేదన్నాడు. ఆ అంగడి ముందు పడుకున్న కుక్కను తీశాడు. పెద్ద సైజులో, చట్రం కట్టించి, వాకిలికి ఎదురుగా పెట్టాడు. మా తమ్ముణ్ణి వదిలేసి కుక్కను తీసుకొచ్చాడు. ముప్పై ఏళ్ళు హిస్టరీ చెప్పినవాడు.

మా తమ్ముణ్ణి అని రాశాను. కొట్టెయ్యను.

జులై 19

చెప్పకపోవడమే ఆమెకు మంచిది. చచ్చినవాడైతే ఒక్క ఏడుపుతో పోతుంది. బతికుండి, ఊరు పేరు విని లోపలికి పోయినవాడు, బొట్లు పెట్టే ఆడమనిషి ఉన్నవాడు, వాడి మాట ఏమని చెప్పేది? ఆమె మేలు కోరే నేను నోరు మూసుకున్నాను. ఇందులో నా మాట నెగ్గడం అనే ప్రశ్న లేదు.

రెండోసారి చదివాను. ఆ చివరి వాక్యం అవసరం లేదు.

జులై 20

అమావాస్యకు కావలసినవన్నీ సుగన్య తెచ్చింది. నువ్వులు, దర్భలు, కొత్త చట్టి, తెల్ల చీర. చీరను అక్కమ్మ కంటపడకుండా బీరువాలో పెడుతుంటే అక్కమ్మే వెళ్ళి చూసింది. అంచు పట్టుకుని, "గుడ్డ మంచిదే" అంది.

సాయంత్రం వసారాలో నేనొక్కణ్ణే ఉన్నప్పుడు వచ్చి స్తంభం పక్కన కూర్చుంది.

"బావా, ఆ దర్భబొమ్మకు మొగం పెడతారా?"

"పెట్టరు. ఊరికే మనిషి ఆకారం కట్టుతారు."

"అయితే సరే." స్తంభానికి ఆనుకుంది. "నాకు వాని మొగం సరిగ్గా గురుతు లేదు. చెవులు గురుతుండాయి. నడక గురుతుండాది. మొగం ఉండాల్సిన చోట ఏమీ ల్యా. వాళ్ళేదో ఒక మొగం పెడితే, ఇదే అని నేను ఒప్పుకున్నట్టయిపోతాదని భయపడినాను."

నేను పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను. అది నిన్నటి పేపరు.

"మీరు చెప్పినట్టే పోయినాడో ఏమో బావా. మీకంటే నాకేం తెలుసు" అని లేచి వెళ్ళింది.

ఈ మాట కోసం నలభై మూడేళ్ళు వాదించాను.

జులై 22, శనివారం

పొద్దున అక్కమ్మతో అన్నాను: "రాజమాణిక్కం ఫోటోలు పెట్టినాడు. చూసేదానికి రా."

"నాకేల బావా కొండలు? తీర్థమలై ఎక్కేదానికే మోకాళ్ళు ల్యా."

"ఇది ఎక్కేది కాదు. తిమ్మప్ప సంగతి."

చేతిలో చేట ఉంది. కింద పెట్టింది.

"మీరు చూసినారా బావా?"

"చూసినట్టే ఉంది. నువ్వూ చూడు."

ఆటోలో వెళ్ళాం. మంచి చీర కట్టుకుంది, ఆకుపచ్చది. రాజమాణిక్కం లేచి నమస్కారం పెడితే తిరిగి పెట్టింది. దారిలో ఏ ఫోటో ముందూ ఆగలేదు. వంట గది పక్క మూలకు తీసుకెళ్ళి నేను కొంచెం వెనక నిలబడ్డాను.

కళ్ళజోడు పైటతో తుడుచుకుని పెట్టుకుంది. ఫోటో దగ్గరికి వంగింది, పొయ్యిలోకి చూసినట్టు.

"సున్నం వాడే పూసినాడు" అంది.

"ఎట్లా తెలుసు?"

"కిందికి కారనిచ్చినాడు చూడండి. మన కాడా అంతే. మీ అమ్మ తిట్టేది. ఏ పనీ తుదిదాకా చేసి ఎరగడు." తర్వాత, "తలగడ కూడా పెట్టినాడు."

నేను ఊ కొట్టాను. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. చూపుడు వేలుతో అద్దం మీద ఒక్కో రాయినీ తాకుతూ వచ్చింది. ఏడోదాని దగ్గర ఆగింది.

"బొట్లు పెట్టిండేది ఆడమనిషి."

"అవును."

"మీకు తెలుసు."

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"పోయిన శనివారం."

"అదా, ఇడ్లీ దిగకుండా ఉండేది" అంది. నవ్విందో లేదో వెనకనుంచి నాకు కనబడలేదు. "పండుకునుండే దానికీ పెట్టేసింది చూడండి బావా. పెట్టకూడదని ఎవురు చెప్తారు? నేర్పేదానికి అత్త లేదు గదా ఆడ, పాపం."

పాపం అంది. నేను సరిగ్గానే విన్నాను.

"కింద ఏమి రాసినారు?"

చదివాను. కొండ మీది ఆదిమ జాతుల రాతి పూజ.

"ఆదిమ జాతి అంటే?"

"బట్ట కట్టడం కూడా సరిగ్గా తెలియని పాతకాలపు మనుషులు."

"మనమా?" అంది. ఈసారి నవ్వడం వినపడింది. ఆకుపచ్చ పట్టు చీర కొంగు సర్దుకుంది.

బయట మెట్ల మీద కూర్చున్నాం. ఎండ. ఆటో కోసం చూస్తున్నాం. అక్కడ అడిగింది.

"ఆ సారు వాణ్ణి చూసినాడంటా?"

"చూడలేదంట" అన్నాను.

నా ముఖం వైపు కొంచెంసేపు చూసింది.

"కర్మం వద్దు బావా. బతికుండేవాణ్ణి కాల్చకూడదు. ఇంకొకటి. ఈ సంగతి ఎవురికీ చెప్పొద్దండి. యువరాజుకు తెలిస్తే రైలెక్కి పోతాడు, చిన్నాయన్ను పిలుచుకొస్తానని. ఆయమ్మ ఇల్లు ఏమి కావల్ల? ఎవురో అంగడి పెట్టుకోని బతుకుతాండారు, ఉండనీ."

అంగడి సంగతి నేను ఆమెకు చెప్పలేదు. రాళ్ళ వెనక, ఫోటో అంచున, రేకుల చూరు ఒకటి, దాని కింద రెండు గ్లాసులు ఉన్నాయి. నాకు ఇన్నిసార్లు చూసినా కనబడలేదు. ఇంటికొచ్చాక గుర్తు చేసుకుంటే ఇప్పుడు కనబడుతున్నాయి.

"మరి తాళి?" అని అడిగాను. అడగాల్సిన మాట కాదు.

"మీరంతా చచ్చినాడన్నప్పుడే తియ్యల్యా. బతికినాడని తెలిసినాక తీస్తానా?"

జులై 23, ఆదివారం

సభకు పదిమంది వచ్చారు. సగంమంది మండపం పనివాళ్ళు. తప్పుల కాగితం చొక్కా జేబులోనే ఉంది. మైకు ముందు నిలబడ్డాను. ఈ వయసులో అంత దూరం వెళ్ళడం మామూలు సంగతి కాదు, మేము చూడలేనివి తెచ్చి చూపించాడు, ఫోటోలు బాగున్నాయి అని చెప్పి దిగాను. రాజమాణిక్కం కళ్ళు తుడుచుకున్నాడు, ఎద్దు. ఎవరెస్టు ఎవరెస్టుగానే ఉండిపోయింది.

రాళ్ళ ఫోటో కావాలా అని అడిగాడు, అన్నిసార్లు చూశావు కదా అని. వద్దన్నాను. మళ్ళీ వెనక్కి వెళ్ళి తీసుకున్నాను. అట్లాసు వెనక పెట్టాను.

ఇంట్లో చెప్పాను. అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు.

"ఇరవై ఐదున హొగెనకల్ ప్రయాణం లేదు. కర్మం జరగదు."

యువరాజ్ చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఏమి నాయినా, తిథి పెట్టింది మీరే గదా? పురోహితునికి చెప్పిన్నాం. పెండ్లికొడుకు వాళ్ళకు ఏమని చెప్పేది?"

"పెద్దవాణ్ణి నేను. వద్దన్నానని చెప్పు."

"ఏల వద్దు? కారణం చెప్పల్ల గదా?"

అక్కమ్మ నాకు మజ్జిగ పోస్తోంది. చెయ్యి కదలలేదు, ధార సన్నగా పడుతూనే ఉంది.

"తిమ్మప్ప చచ్చింది మీలో ఎవరైనా చూసినారా?" అన్నాను.

సుగన్య యువరాజ్ వైపు చూసి తల కొంచెం ఆడించింది. మోహనప్రియ తమిళంలో తల్లి చెవిలో ఏదో అంది. ముసలాయనకు మతి తప్పుతోందని అనుకోవడం ఎలా ఉంటుందో మొదటిసారి చూశాను. ఇన్నాళ్ళూ ఆ చూపు అక్కమ్మ మీద ఉండేది.

జులై 24

మగపెళ్ళివారి పెద్ద ఫోన్ చేశాడు. ఇలా అయితే కష్టమన్నాడు. అలాగే అన్నాను. యువరాజ్ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడం లేదు. సంబంధం చెడితే దానికి కారణం నేను. ఎందుకో చెప్పను. మోహనప్రియ నాకు పొద్దుటి కాఫీ తేలేదు.

జులై 25, అమావాస్య

ఎక్కడికీ వెళ్ళలేదు. హొగెనకల్ బస్సులు నిండుగా పోతున్నాయి. అక్కమ్మ నువ్వులు వేయించి ఉండలు చేసింది. "కొనింది వ్యర్థం ఏల?" అంది. బెల్లం సరిపోయింది.

జులై 28

పెళ్ళి ఆగలేదు. వాళ్ళు బుక్ చేసిన మండపం ఆవణిలో మళ్ళీ దొరకదట. దోషాలన్నిటికంటే అది పెద్దది. "మీ ఇంటి పెద్దాయన మాట మీరు దాటలేరు, మాకు అర్థమైంది" అని వాళ్ళు యువరాజ్‌తో అన్నారట. అర్థమైంది అన్నప్పుడు తలమీద వేలు తిప్పి చూపించారని సుగన్య అక్కమ్మతో చెబుతుంటే విన్నాను.

కాఫీ మళ్ళీ వస్తోంది.

ఆగస్టు 3, గురువారం, ఆడి పద్దెనిమిది

పొద్దున బస్సులో మారండహళ్ళి. అక్కడినుంచి పొలానికి నడక. యువరాజ్ ముందు నడిచాడు, సున్నం బకెట్టుతో, నాతో మాట్లాడకుండా. కానీ కాలవ దాటేచోట ఆగి చెయ్యి ఇచ్చాడు.

రాళ్ళచుట్టూ గడ్డి పీకాము. యువరాజ్ సున్నం పూశాడు. "కింద కారనియ్యొద్దు" అన్నాను. ఎందుకు అన్నానో నాకే నవ్వొచ్చింది. అక్కమ్మ అటు తిరిగింది.

ఆమె కుంకుమ గిన్నె తీసుకుంది. సుగన్య పక్కన కొబ్బరికాయ పట్టుకుని నిలబడింది. ఈ ఏడు తనదే అనుకున్న పని. అక్కమ్మ మొదటి మూడింటికి పెట్టి గిన్నె ఆమెకు ఇచ్చింది. "నువ్వు మూడు పెట్టు" అంది. మునివెంకటమ్మ మూడు. సుగన్య పెట్టింది.

ఆరూ అయ్యాయి. కర్పూరం వెలిగించబోతుంటే అక్కమ్మ మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా, ఏడో రాయి పక్కన నేలమీద కూర్చుంది. గిన్నె కోసం చెయ్యి చాచింది.

"చిన్నత్తా, దానికి పెట్టకూడదు గదా?" అంది సుగన్య.

"తెలుసు."

సుగన్య గిన్నె ఇవ్వలేదు. యువరాజ్ నావైపు చూశాడు. ఇంటి పెద్ద నేను. కట్టుబాటు ఏమిటో, ఎప్పటిదో, దాని అర్థమేమిటో చెప్పడానికి నాకంటే చదివినవాడు అక్కడ లేడు. నాకు నడిచి వచ్చిన అలసట ఉంది, నోరు ఎండిపోతోంది.

"ఇచ్చెయ్ అమ్మా" అన్నాను. "పెట్టనీ."

అక్కమ్మ బొటనవేలు కుంకుమలో ముంచి రాతి నుదుటి మీద పెట్టింది. గట్టిగా, పిల్లకు పెట్టినట్టు. వేలు తీసేదాకా కొంతసేపు పట్టింది.

"చాలు, ఇంక లెయ్యి" అంది రాయితో. "వాళ్ళు పొయ్యి చానాళ్ళయ్యింది."

తర్వాత చెయ్యి పైకి చాచింది. లేపడానికి అందరికంటే ముందు నేనే అందుకున్నాను. ఇద్దరు ముసలివాళ్ళం, ఎవరు ఎవరిని లేపుతున్నామో తెలియలేదు. యువరాజ్ వచ్చి ఇద్దరినీ పట్టుకున్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. పాలక్కోడు రాకముందే తల చువ్వలకు ఆనించి నిద్రపోయింది. బస్సు గుంతల్లో పడ్డప్పుడల్లా తల కొట్టుకుంటోంది. నా కండువా మడిచి తలకింద పెట్టాను.

ధర్మపురి వచ్చాక లేపాల్సి వచ్చింది.